చాదర్‌ఘాట్ స్కూల్ సారు.. దేశానికి కోచ్

1952లో 10-1 తేడాతో ఘోర ఓటమి. పదేళ్ల తర్వాత 1962లో ఆసియా క్రీడల స్వర్ణం. రెండు జట్లకూ కోచ్ ఒక్కరే. ఆయన హైదరాబాద్‌కు చెందిన ఒక స్కూల్ టీచర్.. సయ్యద్ అబ్దుల్ రహీం. నోటిఫికేషన్ల కోసం ఎదురుచూస్తున్న మనకు ఆయన జీవితంతో ఏం పని? చాలానే ఉంది. చదవండి.

నల్గొండలో బస్సెక్కినా, మహబూబ్‌నగర్‌లో బస్సెక్కినా మనలో చాలామంది దిగేది ఎంజీబీఎస్‌లోనే. బ్యాగు భుజాన వేసుకుని, ఫోన్ చూసుకుంటూ మెట్రో ఎక్కి అమీర్‌పేట కోచింగ్‌కు పోతాం. బీటెక్ అయ్యాక నేనూ కొన్నాళ్లు అట్లనే తిరిగాను. నల్గొండ బస్సు చాదర్‌ఘాట్ మీదుగా వస్తుంది. ఎంజీబీఎస్ నుంచి మూసీ వెంట కొంచెం ముందుకు పోతే హైకోర్టు పక్కన సిటీ కాలేజీ ఉంటుంది. ఈ రెండు పేర్ల వెనక ఒకే మనిషి కథ ఉందని అప్పుడు నాకు తెల్వదు.

2024లో అజయ్ దేవగణ్ నటించిన ‘మైదాన్’ సినిమా వచ్చింది. అది చూసి చాలామంది రహీం గురించి గూగుల్‌లో వెతికారు. నేనూ వెతికాను. సినిమా అన్నాక కొంత కల్పన ఉంటుంది. అసలు జీవితం అంతకంటే నెమ్మదిగా నడిచింది. అందులో ఉద్యోగాలు మారడం ఉంది, కొత్త కోర్సు చదవడం ఉంది, అందరి ముందూ ఓడిపోవడం ఉంది. అందుకే ఇది స్పోర్ట్స్ పేజీలో కాకుండా ఈ పేజీలో రాస్తున్నా.

కాలేజీ టీమ్‌తో మొదలు

రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో పుట్టారు. నిజాం పాలన నాటి హైదరాబాద్ అది. ఉస్మానియా యూనివర్సిటీలో చదువుతున్నప్పుడు యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టుకు ఆడారు. ఆ తర్వాత ‘ఎలెవన్ హంటర్స్’ అనే టీమ్‌లో చేరారు. సిటీ కాలేజీలో చదువుతున్నవాళ్లు, చదివి బయటికొచ్చినవాళ్లు కలిసి పెట్టుకున్న జట్టు అది. ఇప్పటి భాషలో చెప్పాలంటే కాలేజీ టీమ్, అలుమ్ని టీమ్ రెండూ ఒక్కటే అన్నమాట.

ఆయన ఆర్ట్స్ డిగ్రీ చేశారు. డిగ్రీ చేతికొచ్చాక ఫుట్‌బాల్‌నే బతుకుదెరువుగా చేసుకునే అవకాశం ఆ రోజుల్లో లేదు. అందుకే టీచరయ్యారు. కాచిగూడ మిడిల్ స్కూల్, ఉర్దూ షరీఫ్ స్కూల్, దారుల్ ఉలూమ్ హైస్కూల్, చాదర్‌ఘాట్ హైస్కూల్.. ఇలా ఒక్కో బడి మారుతూ పాఠాలు చెప్పారు. సాయంత్రాలు ఆట. అప్పటి సిటీ లీగ్‌లో మంచి పేరున్న కమర్ క్లబ్‌కు ఆడారు.

ఇక్కడ ఆయన చేసిన ఒక పని గమనించాలి. టీచర్ ఉద్యోగం చేస్తూనే ఫిజికల్ ఎడ్యుకేషన్‌లో డిప్లొమా తీసుకున్నారు. దాంతో దారుల్ ఉలూమ్, చాదర్‌ఘాట్ స్కూళ్లలో ఆటల బాధ్యత ఆయనకే వచ్చింది. ఆటగాడిగా అప్పటికే పేరున్న మనిషి. ఆట నాకు తెలుసు కదా, మళ్లీ చదువుడెందుకని అనుకోవచ్చు. ఆయన అట్ల అనుకోలేదు. తాను ఆడటం వేరు, పక్కవాడితో ఆడించడం వేరు. రెండోదానికి చదువు కావాలి. మనలో కోడింగ్ బాగా వచ్చినవాళ్లు ఎందరో ఉంటారు. అదే విషయం జూనియర్‌కు అర్థమయ్యేలా చెప్పమంటే ఎంతమంది చెప్పగలం? ఆలోచించండి.

1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్‌కు ఆయన కార్యదర్శి అయ్యారు. చనిపోయేదాకా ఆ బాధ్యతలోనే ఉన్నారు. అంటే ఒకవైపు బడి పిల్లలు, ఇంకోవైపు సిటీలోని క్లబ్బుల లీగ్.. రెండూ ఆయన కళ్ల ముందే ఉండేవి. ఏ బస్తీలో ఏ పోరడు బాగా ఆడుతున్నాడో ఆయనకు ఇంకొకరు చెప్పాల్సిన పనిలేదు.

పోలీసుల టీమ్ అంటే భయం

1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు రహీం కోచ్ అయ్యారు. ఇప్పటి పిల్లలకు ఈ టీమ్ పేరు కొత్త కావచ్చు. అప్పట్లో దేశంలో ఫుట్‌బాల్ అంటే కలకత్తా. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మహమ్మడన్ స్పోర్టింగ్.. పెద్ద క్లబ్బులు, పెద్ద అభిమానులు. ఇక హైదరాబాద్ సంగతి చూస్తే, 1948లోనే సంస్థానం దేశంలో కలిసింది. ఇంకా అంతా కుదురుకోలేదు. అలాంటి ఊరి నుంచి యూనిఫామ్ వేసుకుని డ్యూటీ చేసే పోలీసుల జట్టొకటి వచ్చి పెద్ద క్లబ్బులను ఓడించడం మొదలుపెట్టింది.

బొంబాయిలో జరిగే రోవర్స్ కప్ ఆ రోజుల్లో దేశంలోని పెద్ద టోర్నీల్లో ఒకటి. సిటీ పోలీస్ దాన్ని 1950 నుంచి 1954 దాకా వరుసగా 5 సార్లు గెలిచింది. ఒక్కసారి గెలవడమే గొప్పనుకునే చోట ఐదేళ్లు కప్పును ఇంకొకరికి ఇవ్వలేదు. ఢిల్లీలో జరిగే డ్యూరాండ్ కప్‌నూ 1950లో గెలిచింది, 1954లో మళ్లీ గెలిచింది. రాష్ట్ర జట్ల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీలో రహీం తయారుచేసిన హైదరాబాద్ జట్టు 1956-57లో, 1957-58లో వరుసగా విజేతగా నిలిచింది.

ఈ టీమ్‌కు ఇంకో కోణం ఉంది. ఆడేవాళ్లలో ఎక్కువమంది పేదింటి పిల్లలు. బంతి బాగా తన్నగలిగినవాడికి పోలీస్ శాఖలో కొలువు దొరికేది. నెల జీతం వస్తే ఇల్లు గడుస్తుంది. ఇల్లు గడిస్తే ఆట మీద మనసు నిలుస్తుంది. ఇప్పుడు తెల్లారకముందే నల్గొండలో ఎన్జీ కాలేజీ గ్రౌండ్‌కు పోయి చూడండి. కానిస్టేబుల్ ఉద్యోగం కోసం 1600 మీటర్ల పరుగు ప్రాక్టీస్ చేసేవాళ్లు కనిపిస్తారు. మహబూబ్‌నగర్‌లోనూ ఇదే సీన్. ఇప్పుడు ఉద్యోగం కోసం ఉరుకుతున్నం. అప్పుడు ఆటే కొందరికి ఉద్యోగమైంది. ఆ దారి వేసినవాళ్లలో రహీం ముందు వరుసలో ఉంటారు.

ఎడమ కాలితో ఆడండి!

రహీం కోచింగ్‌లో హడావుడి ఉండేది కాదు. టీచర్ కదా.. సిలబస్ ఉండేది. ఆ కాలంలో మనోళ్లకు డ్రిబ్లింగ్ అంటే పిచ్చి. బంతి దొరికితే నలుగురిని తప్పించి చప్పట్లు కొట్టించుకోవాలి. చూడ్డానికి బాగుంటుంది గానీ మ్యాచ్ గెలవదు. రహీం దీనికి మందు కనిపెట్టారు. డ్రిబ్లింగ్ చేయకుండా ఆడాల్సిన పోటీలు పెట్టారు. బంతి రాగానే పక్కవాడికి ఇచ్చేయాలి. కుడి కాలి వాటం ఉన్నవాళ్లు ఎడమ కాలితోనే ఆడాల్సిన పోటీలూ పెట్టారు. బలం లేనిచోట బలం రావాలంటే ఉన్న బలాన్ని కాసేపు పక్కన పెట్టాలి. ఈ ఒక్క పద్ధతి నాకు చాలా నచ్చింది.

ఎందుకంటే నేను ప్రిపేరయిన పద్ధతి సరిగ్గా దీనికి ఉల్టా. నాకు కోడింగ్ వచ్చు. అందుకే రోజంతా కోడింగే చేసేవాణ్ని. మాట్లాడటం రాదు కాబట్టి దాని జోలికే పోయేవాణ్ని కాదు. ఫైనల్ ఇయర్‌లో ఒక ఇంటర్వ్యూకు పోయాను. నా ప్రాజెక్టు గురించి చెప్పమన్నారు. నేనే చేసిన ప్రాజెక్టు! రెండు వాక్యాలు చెప్పి ఆగిపోయాను. బయటికొచ్చి బస్టాండ్ దాకా నడుస్తుంటే తల ఎత్తబుద్ధి కాలేదు. నా ఎడమ కాలు ఏదో ఆ రోజు నాకు తెలిసింది. దాన్ని వాడటం మొదలుపెట్టడానికి ఇంకో ఏడాది పట్టింది. బ్లాగు రాయడం మొదలుపెట్టింది అందుకే.

10-1.. ఆ తర్వాత?

1951లో ఢిల్లీలో తొలి ఆసియా క్రీడలు జరిగాయి. రహీం కోచ్‌గా వెళ్లిన భారత జట్టు ఫైనల్‌లో ఇరాన్‌ను 1-0తో ఓడించి స్వర్ణం గెలిచింది. గోల్ కొట్టింది మేవాలాల్. ఇక మనకు తిరుగులేదనుకున్నారు అంతా.

మరుసటి ఏడాదే హెల్సింకి ఒలింపిక్స్. మొదటి మ్యాచ్‌లోనే ఎదురుగా యుగోస్లావియా. చలిదేశం. మన జట్టులో చాలామంది బూట్లు లేకుండా ఒట్టి కాళ్లతో దిగారు. అప్పటిదాకా మనకు అదే అలవాటు, కొందరికైతే అది గర్వం కూడా. స్కోరు 10-1. మన ఒక్క గోల్ అహ్మద్ ఖాన్ కొట్టాడు. వచ్చిన రోజే టోర్నీ నుంచి బయటికి.

అంతటి ఓటమి తర్వాత మనమైతే ఏం చేస్తాం? పేపర్ కష్టంగా వచ్చిందంటాం. ప్యానెల్ మంచిది కాదంటాం. చలి, గ్రౌండ్, ప్రత్యర్థి బలం.. రహీంకు కూడా చెప్పుకోవడానికి కారణాలు ఉన్నాయి. ఆ యుగోస్లావియా జట్టు చివరికి రజతం గెలిచింది కూడా. అయినా మారాల్సింది మనమేనని అప్పుడు తేలిపోయింది. ఆ తర్వాత బూట్లు వేసుకుని ఆడటం దేశంలో తప్పనిసరి చేశారు. రహీం తన పని తాను చేశారు. జట్టును నిలబెట్టే తీరే మార్చడం మొదలుపెట్టారు.

ఆ ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచింది హంగరీ. ఆ జట్టు సెంటర్ ఫార్వర్డ్ ముందు నిలబడకుండా వెనక్కి వచ్చి బంతి అందుకునేవాడు. అతణ్ని పట్టుకోవడానికి డిఫెండర్ ముందుకొస్తే వెనక ఖాళీ. ఆ ఖాళీలోకి మిగతావాళ్లు దూసుకుపోయేవారు. 1953లో ఇంగ్లండ్‌ను వాళ్ల సొంత గడ్డ మీద హంగరీ 6-3తో ఓడించింది ఈ పద్ధతిలోనే. రహీం దీన్ని మన జట్టులోకి తెచ్చారు. అప్పట్లో మన దగ్గర వెనక ఇద్దరు డిఫెండర్లతో ఆడటం మామూలు. అక్కడి నుంచి మొదలై, 1962 నాటికి నలుగురు డిఫెండర్లతో 4-2-4 ఆడే స్థాయికి జట్టు వచ్చింది. 1958 ప్రపంచ కప్‌ను బ్రెజిల్ గెలిచింది ఈ 4-2-4తోనే. ఇంటర్నెట్ లేదు, యూట్యూబ్ లేదు. ప్రపంచంలో కొత్తగా ఏం జరుగుతోందో చాదర్‌ఘాట్ టీచర్ ఎప్పటికప్పుడు అందుకున్నారు. మన చేతిలో ఫోన్ ఉండి కూడా మూడేళ్ల కిందటి సిలబస్ మారిందో లేదో చూసుకోం.

అమ్ముగూడ నుంచి మెల్‌బోర్న్ దాకా

సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడ అనే ఊరుంది. అక్కడో పేద కుటుంబంలో పుట్టాడు తులసీదాస్ బలరాం. బూట్లు కొనే స్తోమత లేక, పోలీసులు వాడి పడేసిన పాత బూట్లతో చెప్పులు కుట్టేవాడి దగ్గర ఫుట్‌బాల్ బూట్లు చేయించుకున్నాడు. అతని ఆట రహీం కంట పడింది. హైదరాబాద్ జట్టు సెలక్షన్‌కు రమ్మన్నారు. రావాలని ఉన్నా రోజూ సిటీకి వచ్చిపోయేందుకు చేతిలో పైసల్లేవు. ప్రతిభ ఉందా లేదా అన్నది కాదు అక్కడ సమస్య. రానూపోనూ ఖర్చు. రహీం దాన్ని చిన్న విషయంగా కొట్టిపారేయలేదు. సైకిల్ మీద వచ్చిపోయే ఏర్పాటు చేశారు.

ఆ కుర్రాడు 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్లాడు. తర్వాత దేశం చూసిన గొప్ప ఫార్వర్డ్‌లలో ఒకడయ్యాడు. ఊరి నుంచి కోచింగ్‌కు వచ్చే ఎంతోమందికి బస్ పాస్, హాస్టల్ ఫీజు, మెస్ బిల్లు ఎంత పెద్ద గోడలో తెలుసు. బలరాం కథలో మలుపు ఒక సైకిల్. అది గుర్తుంచుకోవాలి.. ముఖ్యంగా రేపు ఉద్యోగం వచ్చి ఇంకొకరికి సాయం చేయగలిగే స్థితిలో ఉన్నప్పుడు.

మెల్‌బోర్న్ జట్టులో బలరాంతో పాటు నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్.. ఇలా హైదరాబాదీలు చాలామంది ఉన్నారు. క్వార్టర్ ఫైనల్‌లో భారత్ ఆస్ట్రేలియాను వాళ్ల గడ్డ మీదే 4-2తో ఓడించింది. నెవిల్ డిసౌజా హ్యాట్రిక్ కొట్టాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో సెమీఫైనల్ చేరిన తొలి ఆసియా జట్టు మనదే. సెమీస్‌లో మళ్లీ అదే యుగోస్లావియా. ఈసారి మొదటి గోల్ మనదే! చివరికి 4-1తో ఓడాం. కాంస్యం కోసం జరిగిన మ్యాచ్‌లో బల్గేరియా చేతిలో 3-0తో ఓడి నాలుగో స్థానంతో తిరిగొచ్చాం.

పతకం రాలేదు. కానీ 10-1 నుంచి 4-1కి మధ్య నాలుగేళ్లు ఉన్నాయి. ప్రత్యర్థి అదే. ప్రోగ్రెస్ రిపోర్ట్ అంటే ఇది. మాక్ టెస్టులో 42 నుంచి 61కి వచ్చి, కటాఫ్ 65 దగ్గర ఆగిపోయినప్పుడు ఏడుపొస్తుంది. రావాలి కూడా. అయితే ఆ 19 మార్కులు ఎక్కడికీ పోవు.

కొడుకైనా బెంచీ మీదే

1960 రోమ్ ఒలింపిక్స్‌లో మన గ్రూపు మామూలుది కాదు. హంగరీ, ఫ్రాన్స్, పెరూ. హంగరీతో 2-1 తేడాతో ఓడాం. మన గోల్ బలరాందే. ఫ్రాన్స్‌తో కెప్టెన్ పీకే బెనర్జీ గోల్‌తో ఆధిక్యంలోకి వెళ్లి, చివర్లో గోల్ ఇచ్చి 1-1తో సరిపెట్టుకున్నాం. పెరూ చేతిలో 3-1తో ఓడి ఇంటికి వచ్చేశాం. ఆ తర్వాత భారత ఫుట్‌బాల్ జట్టు మళ్లీ ఒలింపిక్స్ మెట్లు ఎక్కలేదు.

ఆ జట్టులో ఒక హైదరాబాదీ యువకుడు ఉన్నాడు. పేరు సయ్యద్ అబ్దుల్ హకీం. కోచ్ రహీం కొడుకు. రోమ్ దాకా వెళ్లాడు గానీ ఒక్క మ్యాచ్‌లోనూ ఆడలేదు. జట్టుకు ఎవరు అవసరమో వాళ్లే దిగారు. రికమండేషన్ లేకపోతే ఏమీ కాదని మనం రోజూ అనుకుంటాం. కొన్నిసార్లు అది నిజం కూడా. అలా నడవని చోట్లూ ఉంటాయని చెప్పడానికి ఈ ఒక్క సంగతి చాలు. హకీం తర్వాత ఎయిర్‌ఫోర్స్‌లో పనిచేశారు, అంతర్జాతీయ రిఫరీ అయ్యారు, కోచ్ కూడా అయ్యారు. తన దారి తాను వేసుకున్నారు.

జకార్తా: చివరి పాఠం

1962 ఆసియా క్రీడలు జకార్తాలో. రహీం వయసు 53. అప్పటికే ఆయన్ను క్యాన్సర్ తినేస్తోంది. అయినా జట్టుతో వెళ్లారు.

మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడాం. అప్పటికి రెండుసార్లు ఆసియా కప్ గెలిచిన జట్టది. తర్వాత థాయ్‌లాండ్‌ను 4-1తో, జపాన్‌ను 2-0తో ఓడించి సెమీస్ చేరాం. ఈలోగా డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలింది, కుట్లు పడ్డాయి. వెనక ఉండి బంతిని తలతో ఆపాల్సిన మనిషి తలకు కట్టుతో ఉన్నాడు. ఇంకో కోచ్ అయితే బెంచీ మీద కూర్చోబెట్టేవాడేమో. రహీం అతణ్ని తెచ్చి సెంటర్ ఫార్వర్డ్‌గా పెట్టారు. జర్నైల్ కాలేజీ రోజుల్లో ఆ స్థానంలో ఆడినవాడే. దక్షిణ వియత్నాంతో జరిగిన సెమీస్‌లో జర్నైల్ గోల్ కొట్టాడు. 3-2తో ఫైనల్‌కు చేరాం.

బయట పరిస్థితి ఇంకా దారుణం. ఆ క్రీడలకు ఇజ్రాయెల్, తైవాన్ జట్లను ఇండోనేషియా రానివ్వలేదు. భారత్‌కు చెందిన ఒలింపిక్ ప్రతినిధి సోంధీ దాన్ని గట్టిగా తప్పుబట్టారు. దాంతో అక్కడి జనం మన జట్ల మీద మండిపడ్డారు. ఫైనల్ రోజు, సెప్టెంబర్ 4న, కిక్కిరిసిన స్టేడియంలో మనోళ్ల కాలికి బంతి తగిలితే చాలు.. గేలి. పాకిస్తాన్ హాకీ ఆటగాళ్లు మాత్రం మనోళ్లకు మద్దతుగా అరిచారని అక్కడ ఆడినవాళ్లు తర్వాత గుర్తుచేసుకున్నారు.

ఎదురుగా మళ్లీ దక్షిణ కొరియా. పొడవైన గోల్‌కీపర్ అవసరమని సికింద్రాబాద్‌లో ఆడి పెరిగిన తంగరాజ్‌ను రహీం ఫైనల్‌లో దింపారు. 17వ నిమిషంలో పీకే బెనర్జీ గోల్. 20వ నిమిషంలో తలకు కట్టుతోనే జర్నైల్ గోల్. ఆఖర్లో కొరియా ఒక గోల్ కొట్టింది గానీ సరిపోలేదు. 2-1. స్వర్ణం మనదే. చునీ గోస్వామి కెప్టెన్.

ఆ తర్వాత తొమ్మిది నెలలకు, 1963 జూన్ 11న రహీం కన్నుమూశారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్ ఆ తర్వాత ఇంకో స్వర్ణం గెలవలేదు.

మరి ఇప్పుడు మన సిటీ టీమ్ ఏది?

ఇక్కడ నా అభిప్రాయం చెప్తా. ఒప్పుకోకపోయినా పర్లేదు.

రహీం తర్వాత హైదరాబాద్ ఫుట్‌బాల్ ఒక్కరోజులో పడిపోలేదు. 1965-66లో ఆంధ్రప్రదేశ్ జట్టు సంతోష్ ట్రోఫీ గెలిచింది. అయితే మెరుగైన ఆటగాళ్లు అంతకుముందే కలకత్తా బాట పట్టారు. బలరాం కూడా ఈస్ట్ బెంగాల్‌కు పోయాడు. అందులో తప్పేం లేదు, మంచి ఆఫర్ వస్తే మనమూ బెంగళూరు పోతాం కదా. తప్పు ఎక్కడంటే.. పోయినవాళ్ల స్థానంలో కొత్తవాళ్లను తయారుచేసే బడి గ్రౌండ్లు, కాలేజీ టీమ్‌లు మెల్లగా మాయమయ్యాయి. స్కూల్, కాలేజీ, క్లబ్, పోలీస్ టీమ్, రాష్ట్రం, దేశం.. ఇదీ రహీం నాటి మెట్ల వరుస. ఆయన ఒక్కడే దాదాపు ప్రతి మెట్టు మీదా పనిచేశాడు. ఆయన పోయాక ఆ మెట్లన్నీ చూసుకునే ఇంకో మనిషి దొరకలేదు. ఒక్కరి మీదే అంత ఆధారపడటం కూడా ఒక లోపమేనని నాకనిపిస్తుంది.

2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది. 2022 మార్చిలో ఇండియన్ సూపర్ లీగ్ కప్ గెలిచింది. ఆ రాత్రి నేను కూడా గంతులేశాను. కానీ ఆ క్లబ్ 2025లో ఢిల్లీకి తరలిపోయి పేరు మార్చుకుంది. కప్ గెలిచిన టీమ్ సిటీ విడిచిపోతే మన జిల్లాల్లో ఎంతమంది బాధపడ్డారు? పెద్దగా ఎవరూ లేరు. ఎందుకంటే ఆ టీమ్‌లో మన కాలేజీ గ్రౌండ్‌లో చూసిన ముఖం లేదు. క్రికెట్‌లో సన్‌రైజర్స్ ఆడుతుంటే ఉప్పల్ నిండిపోతుంది, నేనూ అరుస్తాను. అయినా మహబూబ్‌నగర్ ఎంవీఎస్ కాలేజీలో ఆడే పోరడికి ఆ జట్టు దాకా మెట్లు ఎక్కడున్నాయో ఎవరైనా చూపించగలరా?

డబ్బు పెడితే టీమ్ వస్తుంది. ఊరు టీమ్‌ను తనదనుకోవాలంటే బడి నుంచి దారి ఉండాలి. సిటీ పోలీస్ కప్ గెలిస్తే బస్తీ బస్తీలో పండగ జరగడానికి కారణం అదే. ఆడినవాడు పక్కింటోడు.

మన విషయంలోనూ ఇంతే. బ్రాంచీకి ఇంత ప్యాకేజీ అని ఫ్లెక్సీలు కడతాం. ఆ ఒక్కడి ఫొటో కింద మిగతా వందమందికి మెట్లు ఉన్నాయా? మీ కాలేజీలో సీనియర్లు, జూనియర్లు కలిసి మాట్లాడుకునే ‘ఎలెవన్ హంటర్స్’ లాంటి గుంపు ఒక్కటైనా ఉందా? లేకపోతే పదకొండు మంది చాలు, పెట్టుకోవచ్చు. వారానికోసారి ఒకరినొకరు ఇంటర్వ్యూ చేసుకోండి. ఇంగ్లిష్ భయం ఉన్నవాడు ఇంగ్లిష్‌లోనే మాట్లాడాలి, కోడింగ్ భయం ఉన్నవాడు బోర్డు మీద రాయాలి. ఎడమ కాలు రూల్ అన్నమాట. నేను ఆలస్యంగా మొదలుపెట్టాను, మీరు ఇప్పుడే మొదలుపెట్టండి.

ఈసారి ఎంజీబీఎస్‌లో దిగినప్పుడు పది నిమిషాలు టైముంటే మెట్రో ఎక్కే ముందు మూసీ వైపు నడవండి. సిటీ కాలేజీ గేటు ముందు కాసేపు నిలబడండి. తర్వాత కోచింగ్‌కు పోవచ్చు.

రహీం జీవితం.. ఒక చూపులో

1909: హైదరాబాద్‌లో జననం
1943: హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శి
1950: సిటీ పోలీస్ జట్టు కోచ్; వరుసగా 5 రోవర్స్ కప్‌లకు నాంది
1951: ఢిల్లీ ఆసియా క్రీడల్లో స్వర్ణం
1952: హెల్సింకిలో 10-1తో ఓటమి
1956: మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం
1960: రోమ్ ఒలింపిక్స్‌లో ఫ్రాన్స్‌తో 1-1 డ్రా
1962: జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం
1963: జూన్ 11న కన్నుమూత